ఏడు సంఘాల యాత్ర: సందేహాలు – సమాధానాలు

గన్నవరం చుట్టుపక్కల సంఘాల్లో యాత్ర అంటే చాలాకాలం యెరూషలేము, బేత్లెహేము, యొర్దాను నది. ఇప్పుడు కరపత్రాల మీద ఎఫెసు, కొరింథు, ఫిలిప్పీ, పత్మాసు పేర్లు కూడా కనిపిస్తున్నాయి. అపొస్తలుల కార్యముల్లోనూ పౌలు పత్రికల్లోనూ చదివిన ఊళ్లను కళ్లారా చూడాలన్న కోరిక మంచిదే. వచ్చిన ఉత్తరాల్లో డబ్బు, వీసా, మోకాళ్ల నొప్పుల గురించి అడిగినవే ఎక్కువ. కొందరు మాత్రం “అక్కడ అసలు ఏముంది?” అని అడిగారు. ముందు వాళ్లకే జవాబు చెబుదాం. ఎందుకంటే అది తెలియకుండా బయల్దేరినవాళ్లే ఎక్కువగా నిరాశపడి తిరిగొస్తారు.

ప్రశ్న: మా పాస్టరు గారు సెప్టెంబరులో టర్కీకి ఏడు సంఘాల యాత్ర తీసుకెళ్తామంటున్నారు. ప్రకటన గ్రంథంలోని ఆ ఏడు సంఘాల గుళ్లు ఇప్పటికీ ఉన్నాయా? లోపల ప్రార్థన చేసుకోనిస్తారా?
— గృహిణి, ఉంగుటూరు

జవాబు: ఊళ్లు ఏడూ ఉన్నాయమ్మా. ఆ కాలపు గుళ్లు మాత్రం లేవు, ఉండే వీలూ లేదు. మొదటి శతాబ్దపు క్రైస్తవులు గుళ్లు కట్టుకోలేదు, ఇళ్లలో కూడుకున్నారు. కొలొస్సయులకు రాసిన పత్రిక చివర, నుంఫా ఇంట్లో ఉన్న సంఘానికి పౌలు వందనాలు చెబుతాడు. ఫిలేమోను ఇంట్లో ఒక సంఘం, అకుల ప్రిస్కిల్లల ఇంట్లో మరొకటి. ఆరాధన కోసం మార్చుకున్న ఇల్లు అని పురావస్తు శాస్త్రజ్ఞులు గట్టిగా చెప్పగలిగిన అతి పాతది సిరియాలోని దూరా యూరోపస్‌లో 1930ల్లో బయటపడింది. అదీ మూడో శతాబ్దానిదే. కాబట్టి మీరు చూడబోయేది సంఘాలు పుట్టిన ఊళ్లను: వాటి వీధులు, అంగళ్లు, నాటకశాలలు, సమాజమందిరాలు, విగ్రహాల గుళ్లు. ఆ విశ్వాసులు ఎలాంటి లోకం మధ్య నిలబడ్డారో అవి చెబుతాయి.

ఏడూ ఒక్క తీరుగా ఉండవు. ఎఫెసు చూడటానికి సగం రోజైనా కావాలి. పాలరాతి వీధి, దాదాపు 25,000 మంది పట్టే నాటకశాల అక్కడున్నాయి. కంసాలి దేమేత్రి రేపిన అల్లరిలో జనం పరుగెత్తింది ఆ నాటకశాలలోకే. అందరూ ఫోటోలు దిగే సెల్సస్ గ్రంథాలయం మాత్రం పౌలు చనిపోయాక చాలా ఏళ్లకు, రెండో శతాబ్దంలో కట్టింది. లోకం నలుమూలల నుంచి జనం వచ్చిన అర్తెమి గుడి స్థలంలో ఇప్పుడు తిరిగి నిలబెట్టిన ఒక్క స్తంభం ఉంది. పక్కనే సెల్చుక్‌లో ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన యోహాను బసిలికా శిథిలాలున్నాయి.

స్ముర్న ఇప్పటి ఇజ్మీర్ మహానగరం. పాత అంగడి వీధిలోని కమానులు చూపిస్తారు. వాటిలో ఎక్కువ భాగం 178లో వచ్చిన భూకంపం తర్వాత కట్టినవి. పెర్గము కొండ మీద ఉంది, కేబుల్ కారులో ఎక్కవచ్చు. ప్రకటన గ్రంథంలో ఈ ఊరి గురించి వచ్చే సాతాను సింహాసనం అన్న మాటకు కొందరు పండితులు ముడిపెట్టే జ్యూస్ బలిపీఠం అక్కడ లేదు. దాన్ని జర్మన్లు బెర్లిన్ మ్యూజియానికి తరలించారు, కొండ మీద పునాది మాత్రం మిగిలింది. తుయతైర ఇప్పటి అఖిసార్ పట్నం. ఫిలిప్పీలో పౌలు బోధ విన్న లూదియ సొంత ఊరు కదా అని ఎంతో ఊహించుకుని వెళ్తే, నడిబజారులో కంచె వేసిన చిన్న తవ్వకాల స్థలం కనిపిస్తుంది. ఫిలదెల్ఫియలోనూ అంతే, తర్వాతి కాలపు బసిలికా స్తంభాలు కొన్ని ఇళ్ల మధ్య నిలబడి ఉంటాయి. సార్దీస్‌లో పెద్ద యూదుల సమాజమందిరం, అర్తెమి గుడి, ఆ గుడి మూలకు అతుక్కుని తర్వాత కట్టిన చిన్న చర్చి చూడదగ్గవి.

చివరిది లవొదికయ. ఇప్పుడు ఎక్కువగా తవ్వకాలు సాగుతున్నది ఇక్కడే. నాలుగో శతాబ్దపు చర్చి ఒకటి 2010లో బయటపడింది. సున్నం పేరుకుపోయిన నీటి గొట్టాలు చూపించమని గైడును అడగండి. ఒకవైపు హియెరాపొలిలో వేడినీటి ఊటలు, ఇంకోవైపు కొలొస్సయిలో చల్లని నీళ్లు. దూరం నుంచి గొట్టాల్లో నీళ్లు తెచ్చుకున్న ఊరికి ప్రకటన గ్రంథంలో నులివెచ్చని స్థితి గురించి రాస్తే ఎక్కడ తగిలేదో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

ఇక ప్రార్థన. ఇవి ప్రభుత్వ పురావస్తు స్థలాలు. ఒక పక్కన కూర్చుని వాక్యం చదువుకుని నెమ్మదిగా ప్రార్థించుకుంటే సాధారణంగా ఎవరూ ఏమీ అనరు. మైకు, వాయిద్యాలు, కూడిక అంటే ముందుగా అనుమతి కావాలి. నిజంగా ఆరాధన జరిగే చర్చిలో కూర్చోవాలనుంటే ఇజ్మీర్‌లో పోలికార్పు పేరిట కతోలిక గుడి ఉంది. ఆ ఊళ్లోనే హతసాక్షి అయిన బిషపు ఆయన. దాన్ని కార్యక్రమంలో చేర్చమని మీ పాస్టరు గారిని అడగండి.

ప్రశ్న: గైడు ప్రతిచోటా “ఇదే ఆ స్థలం” అంటాడని విన్నాను. పౌలు చెరసాల, లూదియ బాప్తిస్మం పొందిన చోటు, గల్లియోను న్యాయపీఠం... వీటిలో ఏది నమ్మాలి?
— రిటైర్డ్ టీచరు, కేసరపల్లి

జవాబు: ప్రతిచోటా గైడును ఒక్క ప్రశ్న అడగండి: “ఇది తవ్వకాల్లో రుజువైందా, సంప్రదాయమా, తర్వాత కట్టిందా?” మంచి గైడు నొచ్చుకోడు, సంతోషిస్తాడు.

గ్రీసులో మొదటి రకానికి మేలైన ఉదాహరణ కొరింథు. అక్కడి అంగడి మధ్య రాతి వేదిక ఉంది, పౌలును రోమా అధిపతి గల్లియోను ముందుకు ఈడ్చుకొచ్చింది అక్కడికే అని పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారు. గల్లియోను పేరున్న శాసనం డెల్ఫీలో దొరికింది. దాన్ని బట్టి ఆయన అధికారంలో ఉన్నది 51–52 ప్రాంతమని తేలింది. పౌలు జీవితంలోని మిగతా సంవత్సరాలను లెక్కగట్టడానికి పండితులు మొదట పట్టుకునేది ఈ తేదీనే. అదే ఊళ్లో నాటకశాల దగ్గర, ఎరస్తు అనే అధికారి సొంత ఖర్చుతో పరిపించాడని చెక్కిన రాతి చప్టా ఉంది. రోమీయులకు రాసిన పత్రికలో పట్టణపు ఖజానాదారుడైన ఎరస్తు కనిపిస్తాడు. ఇద్దరూ ఒకరేనా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. అలాగని చెప్పే గైడే నమ్మదగ్గవాడు.

ఫిలిప్పీలో మూడు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. ఎగ్నేషియా రాజమార్గం రుజువైనది, పౌలు సీలలు నెయపొలి రేవులో దిగి నడిచి వచ్చిన దారి అది. నెయపొలి అంటే ఇప్పటి కవాలా. పౌలు చెరసాలగా చూపే గది సంప్రదాయం మాత్రమే. అసలు అది నీళ్ల తొట్టి అయ్యుంటుందని పురావస్తు శాస్త్రజ్ఞుల మాట. పెద్ద పెద్ద బసిలికాల గోడలు తర్వాతి శతాబ్దాలవి. లూదియ పేరుతో ఏటి ఒడ్డున ఉన్న బాప్తిస్మ స్థలం, గుడి మన కాలపువి. ఏరు మాత్రం ఊరి ద్వారం అవతలే పారుతోంది, కార్యముల గ్రంథంలో చెప్పినట్టే. ఏథెన్సులో అరేయొపగు కొండ అసలుదే. కొండ అడుగున పౌలు ప్రసంగాన్ని గ్రీకులో చెక్కిన కంచు ఫలకం ఆధునికమైనది.

సంప్రదాయం అన్నంత మాత్రాన అబద్ధమని కాదు. తరతరాలుగా విశ్వాసులు అక్కడ మోకరించారన్నదీ చరిత్రే. దాన్ని రుజువుతో కలిపేస్తేనే చిక్కు. ఇంటికొచ్చాక మీ మనవడు ఫోన్‌లో వెతికి “తాతయ్యా, అది నీళ్ల తొట్టంట” అంటే మీ విశ్వాసం కదలకూడదు కదా!

ప్రశ్న: ఫిలిప్పీ ఏటిలో మళ్లీ బాప్తిస్మం ఇస్తారని కరపత్రంలో ఉంది. చిన్నప్పుడే సి.ఎస్.ఐ. గుడిలో బాప్తిస్మం పొందాను. తీసుకోవచ్చా?
— డిగ్రీ విద్యార్థిని, గన్నవరం

జవాబు: సి.ఎస్.ఐ., లూథరన్, కతోలిక సంఘాలు మూడింటిలోనూ బాప్తిస్మం ఒక్కసారే. మళ్లీ ఇవ్వరు. బాప్తిస్టు, పెంతెకొస్తు సంఘాలు చిన్నపిల్లల బాప్తిస్మాన్ని అంగీకరించవు కాబట్టి, పెద్దయ్యాక తీసుకునేదే మొదటిదని వాళ్లు అంటారు. ఈ భేదం యాత్రలో తేలేది కాదు. మీ గుడి అయ్యగారితో ఇంటి దగ్గరే మాట్లాడి వెళ్లండి. ఏటి ఒడ్డున కార్యములు 16వ అధ్యాయం చదువుకుని, పొందిన బాప్తిస్మపు ప్రమాణాలను గుర్తుచేసుకుంటే ఏ సంఘమూ తప్పు పట్టదు. బస్సులో అందరూ దిగుతున్నారని మొహమాటపడి దిగకండి.

ప్రశ్న: యెరూషలేము యాత్రకు ప్రభుత్వం డబ్బిస్తుందట. టర్కీ, గ్రీసులకూ ఇస్తుందా? ఆ డబ్బు తీసుకుంటే మా పిల్లల కుల ధ్రువీకరణ పత్రానికి ఇబ్బంది వస్తుందా?
— కౌలు రైతు, బాపులపాడు

జవాబు: ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవ యాత్రికులకు సాయం ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ ఉన్న పథకం. 2019 నవంబరులో మొత్తాన్ని పెంచారు. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 40,000 నుంచి 60,000 రూపాయలకు, ఆపై ఆదాయం ఉన్నవాళ్లకు 20,000 నుంచి 30,000కు పెరిగింది. అమలు చేసేది రాష్ట్ర క్రైస్తవ మైనారిటీల ఆర్థిక సంస్థ. ఏ ఏడాదికి ఆ ఏడాది నోటిఫికేషన్, నిధులు, గడువు వేరు. అందుకే పాత అంకె పట్టుకుని అప్పు చేయకండి. పథకానికి కేంద్రం యెరూషలేము. టర్కీ, గ్రీసు మాత్రమే తిరిగే యాత్రకు వర్తిస్తుందా అని బయానా కట్టకముందే ఆ సంస్థ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. “సబ్సిడీ మేం ఇప్పిస్తాం” అని నిర్వాహకుడు నోటితో చెప్పే మాట లెక్కలోకి రాదు.

మీ రెండో ప్రశ్న చాలామంది అడగడానికి జంకేది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే షెడ్యూల్డు కులాల హోదా. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను మన రాష్ట్రంలో బి.సి.–సి.లో చేర్చారు. యాత్ర సాయం క్రైస్తవులమని ప్రకటించుకున్నవాళ్లకు ఇచ్చేది. కాబట్టి ఒక కాగితం మీద ఒక రకంగా, మరో కాగితం మీద ఇంకో రకంగా సంతకం పెట్టవద్దు. మీ ఇంట్లో ఎవరెవరి పత్రాల్లో ఏముందో చూసుకుని, లాయరును కలిశాకే దరఖాస్తు పెట్టండి.

యెరూషలేము వెళ్లేవాళ్లకు ఇంకొక మాట. 2023 అక్టోబరు 7 తర్వాత యుద్ధం వల్ల ఎన్నో యాత్రలు రద్దయ్యాయి. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య దాడులు మొదలైనప్పుడు విమానాలు ఆగిపోయి, మన ప్రభుత్వం ‘ఆపరేషన్ సింధు’ పేరుతో భారతీయులను వెనక్కి తెచ్చింది. తేదీ ఖాయం చేసుకునే ముందు మన విదేశాంగ శాఖ ప్రయాణ సూచన చూడండి. చాలా ప్రయాణ బీమా పాలసీల్లో యుద్ధానికి మినహాయింపు ఉంటుంది. “రద్దయితే బీమా ఇస్తుంది” అన్న ధీమా వద్దు.

ప్రశ్న: మా మండలంలో ఒకాయన ఏటా యాత్రలు నడుపుతారు. ఆయన మంచివారే. అయినా లక్షల వ్యవహారం. అనుమానిస్తున్నట్టు కాకుండా ఏమేం అడగాలి?
— స్త్రీల మైత్రి కార్యదర్శి, పెనమలూరు

జవాబు: మంచివారి దగ్గరే కాగితం అడగడం సులువు, మొహమాటం అక్కర్లేదు. మైత్రి తరఫున అందరి కోసం ఒకేసారి అడిగితే ఎవరినీ వేలెత్తి చూపినట్టూ ఉండదు.

మొదట రోజువారీ కార్యక్రమం రాతలో కావాలి. “ఎఫెసు దర్శనం” అన్న ఒక్క మాట చాలదు. ఎన్ని గంటలు, లోపలికి టిక్కెట్టుతోనా, బస్సులోంచేనా? కొన్ని కరపత్రాల్లో ఏడు సంఘాలని రాసి నాలుగే చూపిస్తారు. ఏడూ తీరిగ్గా చూడాలంటే టర్కీలోనే నాలుగైదు రోజులు పడుతుంది. రెండు రోజుల్లో అన్నీ అంటే బస్సు కిటికీ యాత్రే.

రెండోది, ధరలో ఏమున్నాయి, ఏమి లేవు. వీసా రుసుము, బీమా, మధ్యాహ్న భోజనం, ప్రవేశ రుసుములు, గైడుకూ డ్రైవరుకూ ఇచ్చే టిప్పులు విడివిడిగా రాయించండి. చివర్లో గొడవలు వచ్చేది టిప్పుల దగ్గరే. ఇంతమందిని చేరిస్తే ఒకరికి ఉచితం అనే ఏర్పాటు ఈ వ్యాపారంలో మామూలే. ఆ ఉచితం ఎవరికి దక్కుతోందో సంఘానికి తెలిసి ఉండటం మంచిది.

మూడోది డబ్బు. వ్యక్తి ఖాతాలో కాకుండా సంస్థ ఖాతాలో కట్టి రశీదు తీసుకోండి. విదేశీ టూరు ప్యాకేజీ మీద ఆదాయపు పన్ను చట్టం ప్రకారం టి.సి.ఎస్. (అమ్మేవాళ్లే వసూలు చేసి కట్టే పన్ను) వసూలు చేస్తారు, అందుకే పాన్ అడుగుతారు. సక్రమంగా కట్టి ఉంటే అది మీ ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రిటర్ను వేసి సర్దుబాటు చేసుకోవచ్చు లేదా వెనక్కి పొందవచ్చు. టి.సి.ఎస్. పేరుతో డబ్బు తీసుకున్నా అందులో కనిపించకపోతే గట్టిగా అడగాల్సిందే. రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు ఎంత కోత అన్నదీ రశీదుతోపాటే ఉండాలి.

నాలుగోది గైడు. టర్కీ, గ్రీసు, ఇజ్రాయెల్ మూడింటిలోనూ లైసెన్సున్న స్థానిక గైడే వివరించాలి. వాళ్లు ఇంగ్లీషులో చెబుతారు, మన పాస్టరు గారు తెలుగు చేస్తారు. ఆయన ముందుగా చదువుకుని వచ్చినవారైతే యాత్ర పండుతుంది. లేకపోతే పది నిమిషాల వివరణ రెండు ముక్కలైపోతుంది. పెద్ద గుంపైతే చెవిలో పెట్టుకునే రిసీవర్లు ఇస్తారా అని అడగండి. వెనకున్నవాళ్లకు అప్పుడే వినిపిస్తుంది.

ప్రశ్న: గన్నవరం నుంచే నేరుగా విమానం ఉందా? గ్రీసు, టర్కీ వీసాలు ఎలా? టర్కీ వెళ్లొద్దని కొందరు అంటున్నారు.
— వ్యాపారి, హనుమాన్ జంక్షన్

జవాబు: మన గన్నవరం విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. 2022 అక్టోబరులో షార్జాకు విమానం మొదలైంది. ఇస్తాంబుల్‌కో ఏథెన్సుకో వెళ్లాలంటే మాత్రం హైదరాబాదు, ఢిల్లీ, ముంబయి లేదా గల్ఫ్ నగరాల్లో మారాలి. ఇక్కడ జాగ్రత్త ఒక్కటే: గన్నవరం నుంచి చివరి ఊరిదాకా ఒకే టిక్కెట్టు మీద ఉండేలా చూసుకోండి. రెండు వేరు టిక్కెట్లు కొని, పొగమంచు వల్ల మొదటి విమానం ఆలస్యమైతే రెండోదాని డబ్బు పోయినట్టే.

గ్రీసుకు షెంజెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందన్నది నిబంధన, కానీ యాత్రల కాలంలో అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి రెండు మూడు నెలల ముందే కదలండి. పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వ్యవసాయం మీద బతికేవాళ్లు బ్యాంకు స్టేట్‌మెంటుతోపాటు పట్టాదారు పాసుపుస్తకం నకలు, ధాన్యం అమ్మిన రశీదులు జతచేస్తే ఆదాయం ఎక్కడిదో అర్థమవుతుంది. గ్రీసు చూసి, టర్కీ వెళ్లి, మళ్లీ పత్మాసు ద్వీపానికి వచ్చే కార్యక్రమమైతే పలుమార్లు ప్రవేశం ఉన్న వీసా అడగాలి. పత్మాసు గ్రీసుదే. ఒక్క ప్రవేశపు వీసాతో టర్కీలోకి అడుగుపెడితే వెనక్కి రానివ్వరు.

చెల్లుబాటులో ఉన్న షెంజెన్, అమెరికా లేదా బ్రిటన్ వీసా ఉన్న భారతీయులు టర్కీ ఈ–వీసాకు అర్హులు. అందుకే ముందు గ్రీసు వీసా, తర్వాత టర్కీది అన్న వరస పాటిస్తారు. పేరు విషయం మరవకండి. గుడిలో ఒక పేరు, బడి పత్రాల్లో ఒక పేరు ఉండటం మన దగ్గర మామూలు. టిక్కెట్టు, వీసా, బీమా మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

టర్కీ గురించి మీరు విన్నది 2025 మే నాటి సంగతి. భారత్–పాకిస్తాన్ ఘర్షణ సమయంలో ఆ దేశం తీసుకున్న వైఖరికి నిరసనగా మన దేశంలో కొన్ని ట్రావెల్ సంస్థలు టర్కీ ప్యాకేజీల అమ్మకం ఆపేశాయి. వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. వెళ్లకూడదనుకుంటే గ్రీసు ఒక్కటే పది రోజుల నిండైన యాత్ర: కవాలా, ఫిలిప్పీ, థెస్సలొనీక, బెరయ, ఏథెన్సు, కొరింథు, కెంక్రేయ. కార్యములు 16 నుంచి 18 అధ్యాయాల వరస దాదాపు ఇదే. ఆ మూడు అధ్యాయాలు చేతిలో పట్టుకుని వరసగా నడవవచ్చు.

ప్రశ్న: మా అత్తగారికి 71 ఏళ్లు. బీపీ, మోకాళ్ల నొప్పులు. పౌలు నడిచిన నేల తొక్కాలని ఆశ. తీసుకెళ్లగలమా? తిండి సంగతేమిటి?
— ప్రైవేటు ఉద్యోగిని, ఉయ్యూరు

జవాబు: తీసుకెళ్లవచ్చు, నెల సరిగ్గా ఎంచుకుంటే. ఏప్రిల్–మే లేదా సెప్టెంబరు ఆఖరు–అక్టోబరు అనువైనవి. జూలై, ఆగస్టుల్లో రాళ్ల మీద కాసే ఎండకు మన రోహిణి కార్తె గుర్తొస్తుంది, నీడ అసలుండదు. ఎఫెసులో పై ద్వారం నుంచి లోపలికి వెళ్లి కింది ద్వారం నుంచి బయటికొచ్చేలా చేయమనండి, నడక అంతా పల్లానికే. అయినా పాలరాయి జారుతుంది, రబ్బరు అడుగున్న బూట్లు తప్పనిసరి. అరేయొపగు పాత రాతి మెట్లు అరిగి నున్నబడ్డాయి, పక్కన ఇనుప మెట్లున్నాయి. అవీ కష్టమైతే కింద కంచు ఫలకం దగ్గర కూర్చోబెట్టండి, వాక్యం అక్కడే చదవవచ్చు. పత్మాసులో యోహానుకు దర్శనం కలిగిందని చెప్పే గుహకు మెట్లు దిగి ఎక్కాలి. ఫిలిప్పీ చాలావరకు చదును. రెండు నెలల ముందు నుంచి రోజూ గంట నడక అలవాటు చేయించండి. రోజుకో హోటలు మారే కార్యక్రమం పెద్దవాళ్లను పడగొడుతుంది. ఒకేచోట రెండేసి రాత్రులుండే యాత్ర ఎంచుకోండి.

మందులు అసలు అట్టలతో, డాక్టరు చీటీతో, చేతి సంచిలోనే పెట్టుకోవాలి. ఉన్న జబ్బులను బీమా దరఖాస్తులో దాచవద్దు, దాస్తే క్లెయిము రాదు. తిండికి భయం లేదు. టర్కీలో అన్నం, పప్పు సూపు, పెరుగు దొరుకుతాయి. మన నాలుకకు కారం చాలదు కాబట్టి ఆవకాయ, కందిపొడి సర్దండి. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలను యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. గ్రీసు వెళ్లేవాళ్లు కోడి పచ్చడి, నెయ్యి ఇంట్లోనే వదలాలి.

ప్రశ్న: విదేశాలకు వెళ్లే స్తోమత మాకు లేదు. మన దగ్గరే ఆది సంఘం లాంటిది చూడటానికి ఏమైనా ఉందా? యూత్‌ను తీసుకెళ్లాలని ఉంది.
— సంఘ పెద్ద, నూజివీడు

జవాబు: ఉంది. చాలా ఉంది. బైబిల్లోని ఊళ్లకు వెళ్లేవాళ్లు కూడా ముందు ఇవి చూసి వెళ్తే, అక్కడి రాళ్లు ఇంకా బాగా అర్థమవుతాయని నా నమ్మకం. తెలుగు సంఘం కూడా ఇళ్లలో, పాకల్లో పుట్టిందే. పగలు బడి, రాత్రి గుడి. రాతి గుళ్లు తర్వాత వచ్చాయి.

మొదటి మజిలీ మచిలీపట్నం. చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో అక్కడికి చేరారు. 1843లో నోబుల్ మొదలుపెట్టిన బడే తర్వాత నోబుల్ కళాశాల అయింది. 1864 నవంబరు 1 ఉప్పెనలో ఆ ప్రాంతంలో దాదాపు 30,000 మంది చనిపోయారు. మరుసటి ఏడాది నోబుల్ అక్కడే కన్నుమూశాడు. పై కులాల పిల్లలకు చదువు చెబితే క్రైస్తవం కిందికి పాకుతుందని ఆయన ఆశ. జరిగింది వేరు. 1859లో కృష్ణా ప్రాంతంలోని రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద తనవాళ్లతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. డెల్టా పల్లెల్లో సంఘం వ్యాపించింది ఆ దారినే, బంధువుల వెంట, పేట నుంచి పేటకు. లూదియ ఇంటివారందరూ, చెరసాల నాయకుడి ఇంటివారందరూ అని ఫిలిప్పీ గురించి చదివేది మన తాతముత్తాతల కథకు ఎంత దగ్గరో యూత్‌కు అక్కడ చెప్పండి.

రెండో మజిలీ గుంటూరు, ఒంగోలు. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరులో లూథరన్ మిషన్ ప్రారంభించాడు. ఒంగోలు ప్రార్థన కొండ మీద 1854 కొత్త సంవత్సరం నాటి తెల్లవారుజామున మిషనరీలైన జూయెట్ దంపతులూ కొద్దిమంది తెలుగు విశ్వాసులూ ప్రార్థించారు. 1866లో మిషనరీ జాన్ క్లౌ అక్కడికి వచ్చాడు. ఆ ఏడే తాళ్లకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మంతో మాదిగ పల్లెల్లో కదలిక మొదలైంది. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు, గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఫిలిప్పీ ఏటిని చూడలేకపోయామన్న బాధ ఉన్నవాళ్లు గుండ్లకమ్మ ఒడ్డుకు వెళ్లండి.

మూడోది డోర్నకల్. విజయవాడ–కాజీపేట రైలు మార్గంలోనే ఉంది. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషపు వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో అభిషిక్తుడై అక్కడే ఉండి సేవ చేశాడు. 1939లో ప్రతిష్ఠించిన ఆయన కెథెడ్రల్‌లో మన దేశపు గుళ్ల స్తంభాలు, మసీదు గుమ్మటాల తీరు కలిసి కనిపిస్తాయి. కతోలిక మిత్రులతో వెళ్లేవాళ్లకు గుణదల పక్కనే ఉంది. 1924లో ఫాదర్ అర్లాటి కొండ మీద మరియమాత స్వరూపం నిలిపారు, ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవాలు. అపొస్తలుల కాలం దాకా వెనక్కి వెళ్లాలనుంటే చెన్నై చాలు: శాంతోమ్, చిన్నమల, సెయింట్ థామస్ మౌంట్. తోమా అక్కడ హతసాక్షి అయ్యాడన్నది సంప్రదాయం. కొండ మీద 1547లో దొరికిన సిలువ రాయి, దాని పైనున్న పహ్లవీ రాత కళ్లెదుటి ఆధారం, అయితే అది అపొస్తలుడి కాలానిది కాదు, తర్వాతిది. ఫిలిప్పీలో అడగాల్సిన ప్రశ్నే ఇక్కడా అడగమని యూత్‌కు నేర్పండి.

డబ్బు, సెలవులు చూసుకుని ఒక శనివారం మచిలీపట్నంతో మొదలుపెట్టండి. బయల్దేరే ముందు ఒక పని చేయించండి. ఒక్కొక్కరూ తమ ఇంట్లో మొదట బాప్తిస్మం పొందింది ఎవరు, ఏ ఊళ్లో, ఎవరి చేతుల మీదుగా అని పెద్దవాళ్లను అడిగి రాసుకు రావాలి. గుడి రిజిస్టర్లు పాతబడి చిరిగిపోతున్నాయి, చెప్పగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. ఎఫెసు రాళ్లు ఇంకో వందేళ్లైనా అక్కడే ఉంటాయి. ఈ పని మాత్రం ఈ ఏడే చేయాలి.